ఆరు ముడులు, రెండు రోజులు: బెంగళూరులో చెట్టెక్కే తాళ్ల క్లాసు ఎలా ఉందంటే

బెంగళూరు కనకపుర రోడ్డు నుంచి లోపలికి తిరిగితే వచ్చే మామిడి తోటల్లో ఒకదానిలో, శని ఆదివారాలు జరిగే క్లాసు ఇది. తాడుతో చెట్టెక్కడం బొత్తిగా తెలియనివాళ్లకి మొదటి మెట్టు. ట్రైనర్లు ఇద్దరు, నేర్చుకునేవాళ్లు ఎనిమిది మంది. కన్నడ, ఇంగ్లీషు బ్యాచ్‌లతో పాటు తెలుగు బ్యాచ్ కూడా ఉంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మనవాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందేగా. మెచ్చుకోలుతో పాటు లోపాలూ రాస్తున్నాం కాబట్టి నిర్వాహకుల పేరు పెట్టడం లేదు. ఫీజు బ్యాచ్‌ని బట్టి మారుతోంది, అందుకని అంకె కూడా వేయడం లేదు.

మార్కులు ముందే వేసేస్తే: ముడులకు పదికి ఎనిమిది, చెట్టును చూడటం నేర్పినందుకు ఆరు, విసురు తాడుకు (కింద నుంచి కొమ్మ మీదికి తాడు ఎక్కించే పనికి) మూడు.

ముడులకు అన్ని మార్కులు ఎందుకంటే, నేర్పేది ఆరే. అంకె 8 ముడి, బోలైన్, క్లోవ్ హిచ్, డబుల్ ఫిషర్‌మన్, ప్రూసిక్, బ్లేక్స్ హిచ్. (8 అంటే ఇంగ్లీషు అంకె. తెలుగు ౮ ఊహించుకుంటే ఏ ముడీ పడదు.) వీడియోల్లో ముప్పై రకాలు చూసి వచ్చినవాళ్లకి ఇది వెలితిగా అనిపించవచ్చు. కానీ కొత్తవాళ్లు చెట్టెక్కి దిగడానికి ఈ ఆరూ చాలు. ఏడోది నేర్పే సమయాన్ని ఇక్కడ ఈ ఆరింటినీ పక్కవాళ్ల చేత తనిఖీ చేయించడానికి వాడుతున్నారు. మొదటి రోజు పొద్దున్నంతా రెండు చెట్ల మధ్య నడుం ఎత్తులో కట్టిన వెదురు బొంగు దగ్గరే గడుస్తుంది. ముడి వేయాలి, తాళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా సర్దాలి, కొసలన్నీ ఒక్కొక్కటిగా లాగి బిగించాలి, ఆ తర్వాత పక్కనున్నవాళ్లు దాన్ని వేలితో తడుముతూ చదవాలి. మధ్యాహ్నానికి ఇదే పని కళ్లు మూసుకుని. చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది గానీ, పైన కొమ్మ అడ్డొచ్చినప్పుడు ముడి కనపడదు, వేళ్లకే తెలియాలి.

8 ముడిని రెండు పనులకు వాడిస్తారు. తాడు చివర ఒంటిగా వేస్తే అది ఆపుముడి. ఇది లేకపోతే కిందికి దిగుతూ తాడు కొస అయిపోయిన సంగతి తెలియకుండానే చేతిలోంచి జారిపోతుంది. తాళ్లతో పని చేసేచోట జరిగే ప్రమాదాల్లో ఇది పాత రకం. తాడును మడతపెట్టి వేస్తే జీనుకు (నడుముకూ తొడలకూ వేసుకునే బెల్టుల కట్టుకు) తగిలించే కారబినర్ (గేటులా తెరుచుకునే లోహపు కొక్కెం) కోసం జారని ఉంగరం తయారవుతుంది. ఇక్కడ చూడాల్సింది జంట తాళ్లు ఆసాంతం పక్కపక్కనే నడుస్తున్నాయా అని. మధ్యలో ఒకటి రెండోదాన్ని దాటితే ముడి ఊడదు గానీ, బరువు పడ్డాక విప్పడానికి గోళ్లు అరుగుతాయి. మిగులు కొస జానెడుకు తగ్గకూడదు.

బోలైన్ దగ్గర ట్రైనర్ చెప్పే పాము కథ బాగుంది. పాము పుట్టలోంచి పైకొచ్చి, చెట్టు వెనకనుంచి చుట్టి, మళ్లీ అదే పుట్టలోకి దూరుతుంది. ఎంత బరువు పడినా తేలిగ్గా విప్పుకోవచ్చన్నది ఈ ముడి గొప్ప. దాని జబ్బు కూడా అదే. బరువు లేనప్పుడు నైలాన్ తాడు అటూ ఇటూ కదిలి వదులవుతుంది. అందుకే మిగిలిన కొసతో పక్క తాడు చుట్టూ ఇంకో ముడి వేసి తాళం వేయాలి. క్లాసులో ఇది చెప్పారు, కానీ రెండో రోజు ఒకరిద్దరు ఆ తాళం లేకుండానే వేస్తే వెంటనే పట్టుకోలేదు. సామాను పైకి లాగే తాడు మీద కాబట్టి సరిపోయింది.

క్లోవ్ హిచ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గేదెను గుంజకు కట్టిన చేతులకి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మనిషి బరువుకు దీన్ని ఒంటరిగా నమ్మొద్దని మాత్రం గట్టిగా చెప్పారు, మంచిదే.

డబుల్ ఫిషర్‌మన్ అంటే తాడు రెండు కొసలనూ కలిపి ఉంగరం చేసే ముడి. సరిగ్గా పడిందో లేదో చూడటం తేలిక: ఒక వైపు రెండు ఇంటూ గుర్తులు పక్కపక్కన కనపడాలి, తిప్పి చూస్తే నాలుగు గీతలు వరసగా ఉండాలి. ఇంటూ ఒకటే కనపడితే ఒక సగం తిరగబడినట్టు. కొసలు కనీసం 7, 8 సెంటీమీటర్లు బయటికి ఉండాలి. 8 మి.మీ. తాడు మీటరున్నర తీసుకుని ఈ ముడి వేస్తే సుమారు అర మీటరు పొడవు ఉంగరం వస్తుంది. దాన్నే 12 మి.మీ. ఎక్కే తాడు మీద మూడుసార్లు తనలోంచి తాను దూర్చితే ప్రూసిక్, అంటే చేత్తో జరిపితే జరిగి, బరువు పడితే తాడును పట్టుకునే ముడి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచురించిన ముడి, ఆయన పేరే నిలిచిపోయింది. చుట్టే తాడు ఎక్కే తాడు కంటే సన్నగా ఉండి తీరాలి. రెండూ ఒకే లావైతే పట్టు దొరకదు. మరీ సన్నగా ఉంటే పట్టు ఎక్కువై, పైకి జరపడానికి రెండు చేతులూ కావాల్సి వస్తుంది. తోటలో ఒక సెట్టుకు కొత్త తాడు, గట్టి తాడు ఇచ్చారు. మూడు చుట్లు చాలక జారింది. నాలుగో చుట్టు వేయించి చూపించడం మంచి పాఠం. కొత్త తాడు నున్నగా ఉంటుంది, చుట్ల లెక్క పుస్తకంలోంచి కాకుండా బరువు వేసి చూసి తేల్చుకోవాలి.

ఇక బ్లేక్స్ హిచ్. ఇదీ ప్రూసిక్‌లా జరిగి, పట్టుకునే ముడే, మనిషి ఎక్కేదీ దిగేదీ దీని మీదే. ఈ క్లాసుకు డబ్బులు పెట్టడానికి కారణం ఇదొక్కటే అన్నా తప్పులేదు. దీన్ని ఆస్ట్రియాకు చెందిన హైంజ్ ప్రోహాస్కా 1981లోనే చూపించారు. ఆ సంగతి తెలియకుండా జేసన్ బ్లేక్ తనంతట తానుగా కనిపెట్టి 1994లో చెట్ల పనివాళ్ల పత్రికకు రాశారు, ఆ పేరుతోనే వ్యాపించింది. అంతకుముందు వాడిన టాట్‌లైన్ హిచ్ ఎక్కుతుండగా మెల్లగా దొర్లి, కొసను మింగేసేది. బ్లేక్ ముడిలో ఆ బెడద తక్కువ.

వేసే పద్ధతి ఇలా నేర్పారు. కొమ్మ మీదుగా వేసిన తాడులో ఒక కొస జీనుకు కట్టి ఉంటుంది, రెండో పాయ నిలువుగా వేలాడుతుంది. జీను దగ్గర మిగిలిన మీటరు పైచిలుకు కొసతో ఆ నిలువు పాయ చుట్టూ కింది నుంచి పైకి రెండు చుట్లు వేయాలి, బొటనవేలు లోపల పెట్టుకుని. వేలు తీయకుండా పైన ఇంకో రెండు. నాలుగు చుట్లయ్యాక కొసను కిందికి తెచ్చి, జీను నుంచి వచ్చే పాయకు ముందు నుంచి దాటించి, నిలువు తాడుకు వెనకగా తిప్పి, బొటనవేలు ఉన్న సందులోంచి పైకి తీయాలి. కొస రెండో చుట్టుకూ మూడో చుట్టుకూ మధ్యనుంచి బయటికొస్తే సరిగ్గా పడినట్టు. ఆ కొసకు 8 ఆపుముడి వేయనిదే కాళ్లు నేల వదలకూడదు.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, కొసను జీను పాయకు ముందు నుంచి దాటించడం మరిచిపోతారు. దూరం నుంచి చూస్తే ముడి అచ్చం అలాగే ఉంటుంది, నేల మీద కొంచెం లాగితే పట్టుకుంటుంది కూడా. బరువు మీద మాత్రం విచ్చుకుపోతుంది. చెట్టెక్కేవాళ్లు దీన్ని ఆత్మహత్య ముడి అని ఊరికే అనలేదు. ట్రైనర్ కావాలనే రెండూ పక్కపక్కన వేసి, తేడా చెప్పమని అడిగారు. ఎనిమిది మందిలో ఐదుగురు తప్పు చెప్పారు. క్లాసులో అన్నిటికంటే విలువైన పది నిమిషాలు అవే, ఇంకో నాలుగుసార్లు చేయించి ఉండాల్సింది.

ముడి చెయ్యి చాపితే అందే దూరంలో ఉండాలి. పైకి వెళ్లిపోతే అందదు, జీనుకు మరీ దగ్గరైతే ఒక్కో ఊపుకి బెత్తెడు మించి ఎక్కలేరు. ఈ పద్ధతిలో మీటరు ఎక్కాలంటే రెండు మీటర్ల తాడు లాగాలి, ఎందుకంటే తాడు కొమ్మ మీదుగా తిరుగుతోంది. దానికి ప్రతిఫలంగా ముడి మీద పడే బరువు సగమే. 45 మీటర్ల తాడుతో ఎక్కగలిగే ఎత్తు 22 మీటర్లకు లోపే అన్న లెక్క కూడా ఇందులోంచే వస్తుంది. తాడును ఒక చోట బిగించి ఒంటి తాడు మీద ఎక్కే పద్ధతిలో మాత్రం బ్లేక్స్ హిచ్ ఒక్కదాన్నే వాడకూడదు. మొత్తం బరువూ దాని మీదే పడి, దిగేటప్పుడు బిగుసుకుపోతుంది. ఈ తేడాను ట్రైనర్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు.

దిగడం నేర్పేటప్పుడు ఒక మాటను పదేపదే అరిచారు: "వదిలెయ్యండి!" దిగాలంటే ముడి నెత్తి మీద అరచేయి పెట్టి మెల్లగా కిందికి నొక్కాలి. వేగం పెరిగితే భయంతో ఎవరైనా చేసే పని ముడిని ఇంకా గట్టిగా పట్టుకోవడం. అలా పట్టుకున్నంతసేపూ ముడి పని చేయదు, మనిషి జారుతూనే ఉంటాడు. చెయ్యి తీసేస్తే అదే ఆగుతుంది. శరీరం చెప్పేదానికి ఇది పూర్తిగా ఎదురు కాబట్టి, మీటరు ఎత్తులోనే ఒక్కొక్కరి చేత ఇరవైసార్లు చేయించారు.

వేగంగా దిగకపోవడానికి ఇంకో కారణం వేడి. పాలియెస్టర్ సుమారు 255 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 మధ్య. ఒకే చోట రాపిడి పడితే ముడి లోపలి చుట్టు ఈ వేడిని చేరగలదు. అప్పుడు తాడు పైన గాజు పూసినట్టు మెరుపు వస్తుంది, వేలితో నొక్కితే గట్టిగా ఉంటుంది. అలా కనపడితే ఆ కొసను కోసేయాలి. ముడి కోసం విడి తాడు ముక్క వాడటం అందుకే మేలు: అరిగితే మీటరున్నర ముక్క పోతుంది, 45 మీటర్ల తాడు మిగులుతుంది. క్లాసులో విడి ముక్కలే ఇచ్చారు, మంచి ఏర్పాటు.

సామాను సంగతి. ఎక్కే తాళ్లు 12 మి.మీ. దగ్గరివి, ఈఎన్ 1891 (తాళ్లకు యూరప్ ప్రమాణం) ఎ రకం గుర్తు ఉన్నవి. అంటే తక్కువ సాగేవి, కనీసం 22 కిలోన్యూటన్లు (రెండు టన్నులకు పైగా బరువు) తట్టుకునేవి. కారబినర్లు గేటు తెరవడానికి ముందు రెండు వేరువేరు కదలికలు కావాల్సిన తాళం రకం. చెట్టు మీద కొమ్మ రాసుకుని మామూలు మర తాళం విప్పుకుపోగలదు కాబట్టి ఇది సరైన నిర్ణయం. రామనగర గుట్టల మీద రాళ్లెక్కే అలవాటున్నవాళ్లు కొందరు తమ సొంత తాడు తెచ్చుకుంటారు. అది పడిపోయినప్పుడు దెబ్బ తగలకుండా సాగే తాడు. చెట్టు మీద అదే తాడుతో ఒక ఊపు వేస్తే సగం శ్రమ సాగడానికే పోతుంది. ట్రైనర్లు వాటిని మర్యాదగా పక్కన పెట్టించారు. ఎస్.పి. రోడ్డు హార్డ్‌వేర్ కొట్లలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ తాడు గురించైతే మర్యాద కూడా అక్కర్లేదు. అందులో ఎక్కువ పాలీప్రొపిలీన్. సుమారు 165 డిగ్రీలకే కరుగుతుంది, ఎండకు పెళుసవుతుంది, ఎంత బరువుకు తెగుతుందో దాని మీద రాసి ఉండదు. లారీ టార్పాలిన్ కట్టుకోవడానికి బాగుంటుంది.

తాడు దాచుకోవడం మీద చెప్పింది కొంచెమే అయినా పనికొచ్చేది. బ్యాటరీ ఉన్నచోట, కారు డిక్కీలో పాత ఇన్వర్టర్ పక్కన తాడు పెట్టొద్దు. ఆమ్లం తగిలిన నైలాన్ పైకి బాగానే కనపడుతూ లోపల చచ్చిపోతుంది. మామిడి సొన అంటితే మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి. ఆ సొన చర్మానికి తగిలినా బొబ్బలు లేస్తాయి, నిండు చేతుల చొక్కా వేసుకెళ్లండి.

చెట్టును చూడటం అనే అంశానికి ఆరు మార్కులే ఇవ్వడానికి కారణం, చెప్పింది సరైనదే గానీ మామిడి దగ్గరే ఆగిపోయారు. తాడు వేసే కొమ్మ పచ్చిగా ఉండాలి, మొదటిసారి ఎక్కేవాళ్లకి కనీసం పదిహేను సెంటీమీటర్ల లావు ఉండాలి, తాడు మాను పక్కనే కూర్చోవాలి. ఎక్కకముందు ఇద్దరు కలిసి తాడు మీద వేలాడి చూడాలి. అంతవరకు బాగుంది. కానీ ఈ క్లాసు చేసి ఇంటికెళ్లే మనిషి ఎదుట ఉండేది మామిడి కాదు. బెంగళూరు వీధుల్లో తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు, సిల్వర్ ఓక్ ఉంటాయి. వేసవి వానలకు విరిగి కార్ల మీద పడేవాటిలో ఇవి తరచుగా కనపడతాయి. తురాయి కొమ్మ లావుగా ఉండి కూడా పటుక్కుమంటుంది. మన భాషలో పొగిడి ముంచడాన్ని మునగచెట్టు ఎక్కించడం అన్నది ఎవరో గానీ, కొమ్మల సంగతి బాగా తెలిసినవాళ్లే అయి ఉంటారు. చింత, మర్రి లాంటి గట్టి చెట్లు ఏవి, అసలు తాడు వేయకూడనివి ఏవి, అరగంట పాఠం చెప్పి ఉంటే ఎనిమిది మార్కులు వచ్చేవి. పెర తేనెపట్టు ఉందేమో పైకి చూడమని చెప్పారు, కరెంటు తీగలకు కనీసం పదడుగుల దూరం అన్నారు. పదడుగులు మనిషికే కాదు, చేతిలోని తాడుకూ కొమ్మకూ కూడా లెక్క అన్నది చెప్పలేదు.

అనుమతుల మీద కూడా ఒక మాట వినపడలేదు. లాల్‌బాగ్‌లో, కబ్బన్ పార్కులో తాడు వేస్తే గార్డు వచ్చి దింపుతాడు. వీధి చెట్టు కొమ్మ కొట్టాలంటే 1976 నాటి కర్ణాటక చెట్ల సంరక్షణ చట్టం కింద ట్రీ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాలి. తోటమాలి పని చేసేవాళ్లు కూడా ఈ క్లాసుకు వస్తున్నారు, వాళ్లకైనా చెప్పాలి.

విసురు తాడు విషయంలో నిరాశే. కొమ్మ మీదికి ఎక్కే తాడు వెళ్లాలంటే ముందు సన్నటి నున్నటి దారం, దాని చివర 280 నుంచి 450 గ్రాముల సంచి విసరాలి. కొత్తవాళ్ల సమయం ఎక్కువగా ఖర్చయ్యేది ఇక్కడే. క్లాసులో మాత్రం తాళ్లన్నీ ముందే వేసి ఉంచారు, విసరడానికి ఇచ్చింది ముప్పావు గంట. రెండు కాళ్ల మధ్య రెండు చేతులతో ఊపి వదలడం చూపించారు. చూపించాల్సింది ఇంకా ఉంది. దారాన్ని నేల మీద కుప్ప పోస్తే గడ్డిలో చిక్కుకుంటుంది, బకెట్‌లోకి వదలాలి. సంచి కొమ్మ సందులో ఇరుక్కుంటే బలంగా గుంజకూడదు. దారం సాగి, వదిలిన క్షణంలో సంచి ఒడిసెల రాయిలా మొహం మీదికొస్తుంది. ముందు చిన్నగా ఎగరేసి చూడాలి, రాకపోతే పక్కకు నడిచి కోణం మార్చాలి. ఎలాగో కొమ్మ దాటి కిందికి దిగితే సంచి విప్పేసి ఉత్త దారాన్ని వెనక్కి లాగాలి. విసిరేముందు అరవడం, కింద అందరూ హెల్మెట్లతో ఉండటం నేర్పారు, అంతే.

దారానికి ఎక్కే తాడును కట్టడం కూడా తొందర తొందరగా అయిపోయింది. తాడు కొసకు జానెడు కింద క్లోవ్ హిచ్ వేసి, అక్కడినుంచి కొస వైపు మూడు నాలుగు హాఫ్ హిచ్‌లు (ఒంటి చుట్టు ముడులు) వేస్తూ రావాలి. అప్పుడే తాడు మొన సూదిలా నిటారుగా నిలబడి సందులోంచి దూరుతుంది. ఒక్క ముడితో వదిలేస్తే తాడు కొస పక్కకు వాలి కొమ్మకు కొక్కెంలా తగులుకుంటుంది. తోటలో రెండుసార్లు అదే అయింది. ట్రైనర్ వెళ్లి విడిపించారు తప్ప ఎందుకు ఇరుక్కుందో చెప్పలేదు.

కొమ్మకూ తాడుకూ మధ్య రాపిడి తగ్గించే పట్టీని మాత్రం ప్రతి చెట్టుకూ వాడారు. ఇది లేకపోతే తాడు బెరడును కోస్తుంది, బెరడు తాడును అరగదీస్తుంది, ఎక్కేవాళ్లకి శ్రమ రెట్టింపవుతుంది. రెండు చివరలా ఉంగరాలున్న ఆ పట్టీని కింద నుంచే కొమ్మ మీదికి ఎక్కించి, పని అయ్యాక కింద నుంచే దింపడం చక్కగా నేర్పారు. పెద్ద ఉంగరం, చిన్న ఉంగరం ఏ పక్కన ఉండాలో తారుమారైతే పట్టీ పైనే ఉండిపోతుంది. అది కూడా చేసి చూపించారు.

రెండో రోజు సాయంత్రం నడుము తాడు నేర్పారు. మాను చుట్టూ తిప్పి జీనుకు రెండు పక్కలా తగిలించేది. కల్లుగీత గౌడన్నల మోకు గుర్తొస్తుంది, పని కూడా దాదాపు అదే. తేడా ఏమిటంటే తాటి మానుకు కొమ్మలుండవు, మోకు ఎగరేసుకుంటూ నేరుగా పోవచ్చు. మామిడికి కొమ్మ కొమ్మకూ విప్పి మళ్లీ తగిలించాలి, విప్పిన ఆ క్షణంలో ఎక్కే తాడు ఒంటి మీద ఉండి తీరాలి. తెలంగాణ ప్రభుత్వం 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు (చెట్టు మీంచి పడకుండా కాపాడే సామాను) ఇవ్వడం మొదలుపెట్టిందని ట్రైనర్ ప్రస్తావించారు. తెలుగు బ్యాచ్‌లో అందరూ ఒక్కసారిగా తల ఎత్తారు. పాఠం ఊరి సంగతిలోంచి వస్తే ఎంత తేడానో.

పెద్ద లోపం ఇంకొకటుంది. పైన ఎవరికైనా కళ్లు తిరిగితే కిందికి ఎలా దింపాలో క్లాసులో లేదు. ట్రైనర్లకు వచ్చు, రెండో తాడు పక్కనే సిద్ధంగా వేలాడుతోంది కూడా. నేర్చుకునేవాళ్లకి మాత్రం "ఒంటరిగా ఎక్కొద్దు" అన్న మాటతో సరిపెట్టారు. ఇద్దరు కలిసి వెళ్లినా, రెండోవాళ్లకి ఎక్కడం, దింపడం రాకపోతే ఫోన్ చేయడం తప్ప ఏం చేస్తారు? జీనులో కదలకుండా వేలాడే మనిషికి రక్తప్రసరణ దెబ్బతినడానికి ఎక్కువసేపు పట్టదు. కనీసం ఆ విషయమైనా చెప్పి, దింపడాన్ని ఒకసారి చేసి చూపించాలి.

చేతికిచ్చిన కరపత్రం కూడా మార్చాలి. బ్లేక్స్ హిచ్ బొమ్మ ఎడమచేతి వైపు నుంచి గీసి ఉంది, నేర్పింది కుడిచేతి వైపు నుంచి. ఇంటికెళ్లి బొమ్మ చూసి వేస్తే సరిగ్గా ఆ జీను పాయ దగ్గరే గందరగోళం వస్తుంది. ఆ కాగితం పక్కన పెట్టి, క్లాసులో మీరు వేసి ట్రైనర్ సరే అన్న ముడిని నాలుగు వైపులనుంచీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

వెళ్లాలనుకుంటే: ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తర్వాత ఉరుములొస్తే క్లాసు ఆపేస్తారు, డబ్బులు తిరిగివ్వరు గానీ ఇంకో వారం రానిస్తారు. తడిసిన నైలాన్ బలం కూడా కొంత తగ్గుతుంది కాబట్టి ఆపడమే సరైన పని. జీను నడుము బెల్టు సైజు ముందే అడిగి చెప్పండి, పెద్ద సైజులు రెండే ఉన్నాయి. మడమ ఉన్న బూట్లు, గోళ్లు కత్తిరించుకోవడం, రెండు లీటర్ల నీళ్లు. ఇంటి దగ్గర సాధనకు 8 మి.మీ. తాడు మూడు మీటర్లు, 12 మి.మీ. తాడు రెండు మీటర్ల ముక్క చాలు. కిటికీ ఊచకు కట్టుకుని రోజూ పది బ్లేక్స్ హిచ్‌లు వేసి, ప్రతిదానిలోనూ కొస జీను పాయను దాటిందో లేదో ఇంట్లో ఎవరిచేతైనా చూపించుకోండి.